విదేశీ వైనరీలో ఒక సీజన్: ఎక్కడ చేస్తే సెలవు రోజు దక్కుతుంది?

విదేశంలో ఏదైనా వైనరీలో, అంటే వైన్ తయారుచేసే చోట, కొన్ని నెలలు పని చేసి, శని ఆదివారాల్లో ఆ దేశం చుట్టి రావాలని చాలామందికి ఉంటుంది. ఆలోచన మంచిదే. కానీ ద్రాక్ష కోత సాగే ఆరు నుంచి పది వారాల పాటు శని ఆదివారాలంటూ విడిగా ఉండవు. పండులో తీపీ పులుపూ సరిపోయాయని వైన్‌మేకర్ అనుకున్న రోజే కోస్తారు, అది ఆదివారం తెల్లవారుజామైనా సరే. పన్నెండు గంటల షిఫ్టు, వారానికి ఆరు రోజులు, పెద్ద చోట్ల రాత్రి షిఫ్టు కూడా మామూలే. దొరికే ఒక్క సెలవు మంగళవారమో గురువారమో కావచ్చు. అందులో సగం నిద్రకూ, బట్టలు ఉతుక్కోవడానికీ పోతుంది.

అందుకే "ఏ దేశం బాగుంటుంది" అని అడిగేవారిని నేను తిరిగి రెండు ప్రశ్నలు అడుగుతాను. మీరు ఉండబోయే ఊరి నుంచి గంట, గంటన్నర ప్రయాణంలో చూడదగినవి ఏమున్నాయి? కోత అయిపోయాక మీ వీసాలో ఎన్ని నెలలు మిగులుతాయి? మొదటిది సీజన్‌లో ఒక్కపూట తిరుగుడుకు, రెండోది అసలైన పర్యటనకు. ఫొటోల్లో అద్భుతంగా కనిపించే చోటు నాలుగు గంటల దూరంలో ఉంటే, కోత రోజుల్లో అది లేనట్టే.

ఇక్కడ ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఇంగ్లండ్, కాలిఫోర్నియాలను ఈ రెండు కొలతలతోనే పోలుస్తున్నాను. ఫ్రాన్స్ గురించి ఒక మాట చెప్పి వదిలేస్తాను. కారణం అక్కడే తెలుస్తుంది.

మన పాస్‌పోర్టుకు ఏ దారి ఉంది?

ఆస్ట్రేలియా 2024 అక్టోబరు 1 నుంచి భారతీయులకు వర్క్ అండ్ హాలిడే వీసా ఇస్తోంది. 462వ నంబరు వీసా అంటారు. ఏడాదికి 1,000 మందికే. వయసు 18 నుంచి 30 ఉండాలి. ఇంటర్ తర్వాత కనీసం రెండేళ్లు చదివి ఉండాలి. మామూలు స్థాయి ఇంగ్లిషు పరీక్ష, ఖాతాలో సుమారు 5,000 ఆస్ట్రేలియన్ డాలర్లు చూపించాలి. 25 డాలర్లు కట్టి పేరు ఇస్తే లాటరీ తీస్తారు. మొదటి విడతలో దాదాపు 40,000 మంది పేర్లిచ్చారంటే పోటీ ఎలా ఉందో ఊహించుకోవచ్చు. పేరు వచ్చినవారికి మాత్రం ఇంత స్వేచ్ఛనిచ్చే వీసా మరొకటి కష్టం. ఏడాది పాటు ఉండవచ్చు, ఒకే యజమాని దగ్గర ఆరు నెలల దాకా పని చేయవచ్చు. కోతకు మూడు నెలలు పోయినా తొమ్మిది నెలలు మీవే. గ్రామీణ ప్రాంతాల్లో ప్రభుత్వం నిర్దేశించిన పనులు మూడు నెలలు చేస్తే రెండో ఏడాదికీ అర్హత వస్తుంది. ఇక్కడొక మెలిక ఉంది. తోటలో తీగల కత్తిరింపు, పండ్ల కోత ఆ లెక్కలోకి వస్తాయి. వచ్చిన అతిథులకు కౌంటరు వెనుక నిలబడి వైన్ రుచి చూపించే పని రాదు. రెండో ఏడాది మీద ఆశ ఉన్నవారు వైనరీ పని తర్వాత శీతకాలపు కత్తిరింపుల్లో చేరడం తెలివైన పని.

బ్రిటన్‌లో యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్ ఉంది. దీన్ని వైన్‌తో కలిపి ఆలోచించేవారు తక్కువ. భారతీయులకు ఏడాదికి 3,000 వీసాలు, వయసు 18 నుంచి 30, డిగ్రీ తప్పనిసరి, ఖాతాలో 2,530 పౌండ్లు ఉండాలి. ఇదీ లాటరీయే, కాకపోతే పేరు ఇవ్వడానికి రుసుము లేదు. పేరు వచ్చాక వీసా రుసుముతో పాటు ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్ల చొప్పున ముందే కట్టాలి. ఉండనిచ్చేది రెండేళ్లు, పనిచ్చేవారు ముందే దొరకాలన్న నిబంధన లేదు. రెండేళ్లంటే రెండు కోతలు. మొదటి ఏడాది పైపులు మోసినవారికి రెండో ఏడాది అదే వైనరీలో ల్యాబు పని దొరికే అవకాశం ఉంటుంది. ఇంత వ్యవధి వేరే ఏ తాత్కాలిక దారిలోనూ సులభంగా రాదు.

న్యూజిలాండ్ సంగతి కదులుతూ ఉంది. 2025 డిసెంబరులో ముగిసిన భారత్-న్యూజిలాండ్ స్వేచ్ఛా వాణిజ్య చర్చల్లో భారతీయ యువతకు ఏడాదికి 1,000 వర్కింగ్ హాలిడే వీసాలు ఇవ్వడానికి అంగీకారం కుదిరింది. అదే నెలలో ఆ దేశం ఏడు నెలల వరకు చెల్లే సీజనల్ వీసానూ తెచ్చింది. అయితే దానికి గుర్తింపు పొందిన యజమాని నుంచి ఉద్యోగం ముందే చేతిలో ఉండాలి. దరఖాస్తు రోజున ఇమిగ్రేషన్ న్యూజిలాండ్ సొంత పేజీ చదివి అడుగు వేయండి. పసిఫిక్ దీవుల వారికోసం 2007లో మొదలైన సీజనల్ కార్మికుల పథకం మనకు వర్తించదు. దాని పేరు చెప్పి డబ్బు అడిగేవారుంటే అక్కడే నమస్కారం పెట్టి లేవండి.

అమెరికాకు జే-1 అనే శిక్షణ వీసా దారి. ఇప్పుడు చదువుతున్నవారు, లేదా డిగ్రీ అయి ఏడాది దాటనివారు ఇంటర్న్‌గా వెళ్లవచ్చు. డిగ్రీతో పాటు ఏడాది అనుభవం ఉన్నవారు ట్రెయినీగా వెళ్లవచ్చు. మధ్యలో ఒక స్పాన్సర్ సంస్థ ఉంటుంది, దాని రుసుము వేరు. శిక్షణ ప్రణాళిక కాగితం మీద రాసి ఉంటుంది కాబట్టి నేర్చుకోవడానికి మంచిది, తిరగడానికి అంత వెసులుబాటు ఉండదు.

ఫ్రాన్స్‌తో మనకు యువ వృత్తి నిపుణుల ఒప్పందం ఉంది, ఏడాదికి 500 మందికి. ఫ్రెంచ్ వచ్చి, వైన్ చదువు చదివినవారికి అది బంగారం. మిగతావారికి బుర్గుండీ కోతలో పది రోజులు పనిచేయాలన్న కోరిక కలగానే మిగులుతుంది. ఆ పది రోజుల కోసం మన పాస్‌పోర్టు మీద పర్మిట్ తెప్పించే ఓపిక ఏ రైతుకూ ఉండదు. చుట్టుపక్కల ఐరోపా దేశాల వారితోనే ఆ పనులు నిండిపోతాయి.

ఇప్పటికే విద్యార్థి వీసా మీద ఉన్నవారు ఒకటి గమనించాలి. ఆస్ట్రేలియాలో తరగతులు నడిచే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలే పని చేయాలి. న్యూజిలాండ్‌లో 2025 నవంబరు నుంచి వారానికి 25 గంటలు. అక్కడి కోత ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో, అంటే సరిగ్గా సెమిస్టర్ మధ్యలో పడుతుంది. వారానికి అరవై గంటల వైనరీ పని ఆ పరిమితిలో ఇమడదు. విద్యార్థులకు నా సలహా తోటలో వారాంతపు పని, లేదా అతిథులకు వైన్ రుచి చూపించే టేస్టింగ్ గదిలో పని. కోత సీజన్‌ను చదువు అయ్యాక వచ్చే వీసాకు దాచుకోండి.

ఏజెంట్ల గురించి ఇంతే చెబుతాను. విదేశాంగ శాఖ నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో నమోదైన ఏజెంట్ల జాబితా ఉంటుంది. వారు తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. "ద్రాక్ష తోటలో ఉద్యోగం, టూరిస్టు వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చు" అని లక్షలు అడిగితే అది ఉద్యోగం కాదు.

పెద్ద వైనరీయా, చిన్నదా?

దేశం కన్నా ఈ ఎంపికే మీ సెలవు రోజును ఎక్కువగా నిర్ణయిస్తుంది. కోత రోజుల్లో వైనరీ పెళ్లివారి వంటశాల లాంటిది: వంట చేసేవారికన్నా గిన్నెలు కడిగేవారే ఎక్కువ మంది కావాలి. సెల్లార్ హ్యాండ్ అనే ఉద్యోగంలో ఎక్కువ భాగం ట్యాంకులు, పైపులు, పండు పిండే ప్రెస్‌లు కడగడమే. కాస్టిక్ సోడాతో ఒకసారి, సిట్రిక్ ఆమ్లంతో ఒకసారి, మళ్లీ నీళ్లతో. మిగిలిన సమయంలో రసం ఒక ట్యాంకు నుంచి మరొకదానికి పంపడం, ఈస్టు కలపడం, రోజూ చక్కెర శాతం, ఉష్ణోగ్రత కొలవడం ఉంటాయి.

పెద్ద వైనరీలో రోస్టర్, అంటే ఎవరికి ఎప్పుడు పని అన్న పట్టిక, ముందే గోడ మీద ఉంటుంది. పగలా రాత్రా, సెలవు ఎప్పుడు అన్నది వారం ముందే తెలుస్తుంది, కాబట్టి పడవ టికెట్టు, బస్సు టికెట్టు కొనుక్కోవచ్చు. అర్జెంటీనా, ఇటలీ, చిలీ, అమెరికా నుంచి వచ్చిన కుర్రవాళ్లూ అమ్మాయిలూ ఒకే వసతిలో ఉంటారు, కారు ఖర్చు పంచుకోవడానికి తోడు దొరుకుతారు. లోటేమిటంటే, ప్రెస్ దగ్గర పెడితే సీజనంతా ప్రెస్ దగ్గరే. చిన్న వైనరీలో ఉదయం పండ్లు ఏరుతారు, మధ్యాహ్నం పులుస్తున్న తొక్కను కిందికి అదుముతారు, సాయంత్రం పీపాలు నింపుతారు. అన్నీ నేర్చుకుంటారు. కానీ రేపు సెలవా కాదా అన్నది ఇవాళ రాత్రి భోజనం దగ్గర తెలుస్తుంది.

వైన్ వృత్తిలో కొనసాగాలనుకునేవారు చిన్నది ఎంచుకోవాలి. దేశం చూడడమే ముఖ్యమైనవారు పెద్దది. ఈ విషయంలో నాకు సందేహం లేదు.

తెల్ల వైన్, ఎర్ర వైన్ తేడా కూడా తెలిసి ఉంటే మంచిది. తెల్ల వైన్‌కు పండు వచ్చిన వెంటనే పిండి, రసాన్ని చల్లబరిచి పులియబెడతారు. కోత వేగంగా ముగుస్తుంది, ఒత్తిడి మూడు నాలుగు వారాలు విపరీతంగా ఉండి తగ్గిపోతుంది. ఎర్ర వైన్‌లో తొక్కతో సహా పులియబెడతారు. రోజుకు రెండు మూడు సార్లు పైకి తేలిన తొక్కను అదమాలి, లేదా కింది రసాన్ని పంపుతో పైన పోయాలి, చివర్లో పారతో ట్యాంకు ఖాళీ చేయాలి. ఒంటికి పని ఎక్కువ. పులిసే ట్యాంకు నుంచి వెలువడే కార్బన్ డయాక్సైడ్ కంటికి కనిపించదు, ప్రాణాలు తీసిన సందర్భాలున్నాయి. గాలి పరీక్షించకుండా, బయట మనిషి లేకుండా ట్యాంకులోకి దిగమని ఎవరు చెప్పినా దిగవద్దు. ఉబ్బసం ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి, వైన్ చెడకుండా వాడే సల్ఫర్ డయాక్సైడ్ వారికి పడకపోవచ్చు.

తాగే అలవాటు లేనివారు కూడా ఈ పని చేస్తారు. రుచి చూసి ఉమ్మేయడం అక్కడ మర్యాద తప్పిన పని కాదు, వృత్తి పద్ధతి.

ఒక్క రోజు సెలవుకు ఏ ఊరు?

న్యూజిలాండ్‌లో మార్ల్‌బరో ముందు. దేశపు ద్రాక్ష తోటల్లో మూడింట రెండు వంతులకు పైగా ఇక్కడే ఉన్నాయి, అందులో అధికభాగం సోవిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ ద్రాక్ష. మార్చి మధ్య నుంచి ఏప్రిల్ వరకు యంత్రాలు రాత్రంతా కోస్తూనే ఉంటాయి. కేంద్రం బ్లెనెమ్ అనే చదునైన చిన్న ఊరు, సైకిలు చాలు. అరగంటలో పిక్టన్ రేవు. అక్కడ ఉదయం పడవ ఎక్కి షిప్ కోవ్ దగ్గర దిగితే, కెప్టెన్ కుక్ 1770 నుంచి 1777 మధ్య ఐదుసార్లు లంగరు వేసిన చోటు అది. అక్కడి నుంచి ఫర్నో లాడ్జ్ దాకా 15 కిలోమీటర్లు అడవిలో నడిచి సాయంత్రం పడవలో తిరిగి రావచ్చు. క్వీన్ షార్లెట్ ట్రాక్ అనే ఈ నడక దారి మొత్తం 70 కిలోమీటర్ల పైమాటే, అది కోత తర్వాత. దక్షిణంగా రెండు గంటల లోపు కైకోరా. తీరానికి దగ్గరలోనే సముద్రం లోతైన లోయగా దిగిపోవడంతో స్పెర్మ్ తిమింగలాలు ఏడాది పొడవునా అక్కడ ఉంటాయి. పడమరగా నెల్సన్, దాదాపు అంతే దూరం. వెల్లింగ్టన్‌కు ఓడ మూడున్నర గంటలు పడుతుంది కాబట్టి రెండు రోజులు కలిసి వస్తేనే. ఊరిలోనే ఉండిపోవాల్సిన వాన రోజున ఒమాకాలో మొదటి ప్రపంచ యుద్ధపు విమానాల మ్యూజియం ఉంది. నిద్రమొహంతో చూసినా బాగుంటుంది.

సెంట్రల్ ఒటాగో అందంలో దీన్ని మించిపోతుంది. 45 డిగ్రీల దక్షిణ అక్షాంశం, కొండల మధ్య పినో న్వార్ అనే ఎర్ర వైన్ ద్రాక్ష తోటలు, ఏప్రిల్‌లో పోప్లర్ చెట్లన్నీ పసుపుపచ్చగా మారే కాలమే కోత కాలం. క్రామ్‌వెల్ లేదా బానక్‌బర్న్‌లో ఉంటే క్వీన్స్‌టౌన్ 60 కిలోమీటర్లు, వానాకా కూడా గంటలోపే. క్రామ్‌వెల్ నుంచి క్లైడ్ దాకా డన్‌స్టన్ సరస్సు గట్టునే 2021లో తెరిచిన సైకిలు బాట ఉంది, సెలవు రోజుకు అదొక్కటే చాలు. కొండల మధ్య సముద్రపు పాయ మిల్‌ఫోర్డ్ సౌండ్ చూడాలని అందరూ అంటారు. క్వీన్స్‌టౌన్ నుంచే వెళ్లడానికి నాలుగు గంటలు, రావడానికి నాలుగు. షిఫ్టుల మధ్య ఆ రోడ్డు మీద కారు నడపడం సాహసం కాదు, ప్రమాదం. వైనరీలు చిన్నవి, అద్దెలు ఎక్కువ, తెల్లవారుజామున చలి ఎముకలు కొరుకుతుంది. కొండలంటే ప్రాణమైతేనే వెళ్లండి.

హాక్స్ బే ఈ రెంటికీ మధ్యస్థం. 1931 భూకంపం తర్వాత ఒకే శైలిలో తిరిగి కట్టిన నేపియర్ పట్టణం, టె మాటా శిఖరం, ఎర్ర వైన్ పని. ప్రశాంతంగా ఉంటుంది, త్వరగా పాతబడుతుంది.

ఆస్ట్రేలియాలో అందరూ బరోసా పేరే చెబుతారు. 1842లో జర్మన్ లూథరన్లు స్థిరపడిన లోయ. దక్షిణ ఆస్ట్రేలియాలోకి ఫిలాక్సెరా అనే వేరు పురుగు ఎన్నడూ రాకపోవడంతో 1840ల నాటి షిరాజ్ అనే ఎర్ర వైన్ ద్రాక్ష తీగలు ఇంకా కాస్తున్నాయి. పని నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు తక్కువ. కానీ ఒక్క రోజు సెలవుకు? శనివారం ఆంగస్టన్‌లో రైతుబజారు, గంట దూరంలో అడిలైడ్, ఆపైన మళ్లీ వైనరీలే. ఫిబ్రవరిలో ఎండ 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి, మన రాయలసీమ వాళ్లకు అదేమీ కొత్త కాదు. రైలు గాలర్ దగ్గరే ఆగిపోతుంది, ఆపైన కారు లేనిదే కుదరదు.

నన్నడిగితే అడిలైడ్‌కు అవతలి వైపున్న మెక్లారెన్ వేల్ మేలు. నగరం నుంచి సుమారు 40 కిలోమీటర్లు. షిఫ్టు దిగాక పదిహేను నిమిషాల్లో పోర్ట్ విల్లుంగా తీరంలో ఈత కొట్టవచ్చు, అప్పుడు సెలవు రోజు కోసం ఎదురు చూడాల్సిన అవసరమే తగ్గుతుంది. సీఫర్డ్ దాకా వచ్చే రైలు మార్గంలోనే ఓక్‌లండ్స్ పార్క్ ఉంది, అక్కడ వినాయకుడి గుడి. ఉగాది సరిగ్గా కోత నడుమ వస్తుంది, ఆ రోజు సెలవు ముందే అడిగి పెట్టుకోండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అడిలైడ్ ఫ్రింజ్, అడిలైడ్ ఫెస్టివల్ నడుస్తాయి. ఊరంతా నాటకాలు, సంగీతం. కోత కాలమూ నగరపు పండగ కాలమూ ఇలా కలిసి వచ్చే చోటు ఈ జాబితాలో ఇంకొకటి లేదు. కంగారూ ద్వీపానికి గంట ప్రయాణం, 45 నిమిషాల ఫెర్రీ. అయితే ద్వీపం పెద్దది, రెండు రోజులు పెట్టుకోవాలి.

మార్గరెట్ రివర్ పెర్త్ నుంచి 270 కిలోమీటర్లు. నగరానికి దూరమే కానీ, అక్కడ నగరం అవసరం రాదు. ఒక పక్క హిందూ మహాసముద్రం, కర్రీ వృక్షాల అడవి, సున్నపురాతి గుహలు, నాచురలిస్ట్ అగ్రం నుంచి లూయిన్ అగ్రం దాకా 120 కిలోమీటర్లకు పైగా నడక దారి. దాన్ని ముక్కలుగా చేసుకుని ఒక్కో సెలవుకు ఒక్కో ముక్క నడవవచ్చు. అక్కడి తోటల వాళ్లు మర్రి చెట్ల పూత కోసం చూస్తుంటారు (మన మర్రి కాదు, అది యూకలిప్టస్ దగ్గరి చుట్టం). పూత బాగా వస్తే పిట్టలు దాని తేనె కోసం పోతాయి, రాకపోతే ద్రాక్ష మీద పడతాయి, అప్పుడు తోటంతా వలలు కప్పే పని మీ నెత్తినే.

ఇంగ్లండ్ పూర్తిగా వేరు రకం. కెంట్, ససెక్స్, సర్రీ కౌంటీల సుద్ద నేలల్లో నురుగు వైన్ చేస్తారు. షార్డొనే, పినో న్వార్, మ్యూనియే రకాల ద్రాక్షను సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు దాకా ఎక్కువగా చేత్తోనే కోస్తారు. వానలు, చిన్న పగళ్లు, బురద. ప్రకృతి కోసం ఇంత దూరం వచ్చినవారికి నిరాశే. కానీ సెలవు రోజున రైలెక్కితే చాలు. ఆష్‌ఫర్డ్ నుంచి హైస్పీడ్ రైలు 40 నిమిషాల్లోపు లండన్‌లో దించుతుంది. సర్రీలోని డార్కింగ్ చుట్టుపక్కల అయితే స్టేషను పక్కనే తోట. కాంటర్‌బరీ, రై, సెవెన్ సిస్టర్స్ సుద్ద కొండలు, బ్రైటన్ అన్నీ ఒక్కపూట దూరం. మ్యూజియంలకు టికెట్టు లేని నగరం పక్కనుంటే సెలవు ఖర్చు చాలా తగ్గుతుంది. ఇంగ్లిష్ ఛానల్ అనే సముద్రపు పాయ దాటితే ఫ్రాన్స్ కనిపిస్తుంది కానీ మనకు షెంగెన్ వీసా వేరే కావాలి. కోత ఆరేడు వారాలే కాబట్టి మిగతా ఏడాది తోటపని, సీసాలు నింపడం, టేస్టింగ్ గది ఇలా ఏదో ఒకటి వెతుక్కోవాలి. ఆ రోజుల్లో మాత్రం మీకు నిజమైన శని ఆదివారాలు ఉంటాయి.

కాలిఫోర్నియాలో నాపా, సొనోమా పేరున్నవి, ఖరీదైనవి. తెలుగువారికి నేను చెప్పేది లివర్‌మోర్. వెంటే, కన్‌కానన్ వైనరీలు రెండూ 1883 నుంచి ఉన్న లోయ అది, శివ విష్ణు ఆలయమూ ఆ ఊళ్లోనే ఉంది. ఫ్రీమాంట్, శాన్ హోసేల్లో చుట్టాలో స్నేహితులో ఉండని తెలుగువారు అరుదు, ఆదివారం భోజనానికి లోటుండదు. ఆగస్టు నుంచి అక్టోబరు వరకు కోత, అంటే బతుకమ్మ, దసరా ఆ హడావుడిలో పడతాయి.

డబ్బు, బండి, పచ్చళ్లు

చట్టం ప్రకారం కనీస వేతనాలు: ఆస్ట్రేలియాలో 2025 జులై నాటికి గంటకు 24.95 డాలర్లు, క్యాజువల్ అనే తాత్కాలిక ఉద్యోగానికి దానిపై పాతిక శాతం. న్యూజిలాండ్‌లో 2026 ఏప్రిల్ నుంచి 23.95 న్యూజిలాండ్ డాలర్లు. బ్రిటన్‌లో అదే నెల నుంచి 21 ఏళ్లు దాటినవారికి 12.71 పౌండ్లు. తేడా కనీస వేతనంలో కాదు, ఓవర్‌టైమ్‌లో ఉంది. ఆస్ట్రేలియాలో వైన్ పరిశ్రమకు ప్రత్యేకంగా వేతన నిబంధనలున్నాయి, నిర్ణీత గంటలు దాటితే రేటు పెరుగుతుంది. న్యూజిలాండ్, బ్రిటన్ చట్టాల్లో అలాంటి అదనపు రేటు లేదు, ఒప్పందంలో రాస్తేనే వస్తుంది. అరవై గంటల వారంలో ఈ ఒక్క వాక్యం విలువ చాలా ఎక్కువ. న్యూజిలాండ్‌లో సీజనల్ వారికి సెలవు భత్యం 8 శాతం కలుస్తుంది. ఆస్ట్రేలియాలో వర్కింగ్ హాలిడే వారికి యజమాని మొదటి డాలరు నుంచే 15 శాతం పన్ను కోస్తారు. 12 శాతం సూపర్ అనే పెన్షను జమ మీ పేర చేరుతుంది కానీ, దేశం వదిలేటప్పుడు తీసుకుంటే అందులో 65 శాతం పన్నుకే పోతుంది. దాన్ని ఆదాయంగా లెక్కపెట్టుకోవద్దు.

కారు విషయంలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రిటన్ మూడింటా మనలాగే ఎడమవైపు నడక. ఇంగ్లండ్‌లో కారు లేకుండా గడుస్తుంది, బ్లెనెమ్‌లో సగం గడుస్తుంది, మిగతా చోట్ల పంచుకునైనా కొనాలి. వైనరీలు చూడబోతే రుచి చూసేవారు ఒకరు, నడిపేవారు ఒకరు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.05 శాతమే, ఇంగ్లండ్‌లో 0.08.

ఇక ఆవకాయ. న్యూజిలాండ్ విమానాశ్రయంలో తినుబండారాలు కాగితం మీద చెప్పకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. చెప్పడంలో తప్పు లేదు, దాచడంలోనే ఉంది. నాసిక్‌లోనో దొడ్డబళ్లాపురంలోనో తోటలో పనిచేసిన బూట్లుంటే మట్టి లేకుండా కడిగి, వాటినీ చెప్పండి. తీగల తెగుళ్లు అలాగే ప్రయాణిస్తాయి.

ఎవరికి ఏది?

లాటరీలో పేరు వచ్చి, మొదటిసారి వెళ్తూ, పనీ తిరుగుడూ రెండూ కావాలనుకుంటే మెక్లారెన్ వేల్. నడకలు, పడవలు, నలుగురు కొత్త స్నేహితులు చాలనుకుంటే మార్ల్‌బరోలో పెద్ద వైనరీ. వైన్‌మేకర్ కావాలనే పట్టుదల ఉంటే బరోసా లేదా సెంట్రల్ ఒటాగోలో చిన్నది, సెలవుల మీద ఆశ వదులుకుని. కారు నడపని వారికి, నగరం లేనిదే ఊపిరాడని వారికి ఇంగ్లండ్. మైక్రోబయాలజీ, ఫుడ్ టెక్నాలజీ చదివి ఏడాది అనుభవం ఉన్నవారు కాలిఫోర్నియా జే-1 చూడవచ్చు. ఆ అనుభవం కోసం జనవరి నుంచి మార్చి వరకు నాసిక్ కోత ఉంది. హిందూపురం వైపు వారికి దొడ్డబళ్లాపురం ఇంకా దగ్గర.

ఒప్పందం మీద సంతకానికి ముందు ఈ-మెయిల్లో అడగవలసినవి కొన్ని. రోస్టర్ ఎన్ని రోజుల పని, ఎన్ని రోజుల సెలవు? సెలవు రోజులు వరుసగా ఇస్తారా? వసతి వైనరీకి ఎంత దూరం, అద్దె జీతంలోంచి కోస్తారా? ఓవర్‌టైమ్ రేటు ఏమిటి? కోత త్వరగా ముగిస్తే ఎన్ని వారాల జీతం ఖాయం? ఎన్ని వారాలన్న దానికి జవాబు సరిగా ఇవ్వని చోటికి నేనైతే వెళ్లను. వర్షాలకు పంట దెబ్బతిన్న ఏడాది మూడు వారాలకే ఇంటికి పంపేస్తారు.

దక్షిణార్ధగోళపు వైనరీలు ఫిబ్రవరి కోతకు జులై నుంచి అక్టోబరు మధ్య మనుషుల్ని తీసుకుంటాయి, ఉత్తరాన ఆగస్టు, సెప్టెంబరు కోతకు ఫిబ్రవరి నుంచి మే వరకు. వీసా చేతికి వచ్చాక వెతుకుదామని కూర్చుంటే మంచి రోస్టర్లు అప్పటికే నిండిపోయి, రాత్రి షిఫ్టులు మాత్రం మిగులుతాయి.